తాత త్రవ్విన బావి

ధ్యానభాగము: ఆదికాండము 26వ అధ్యాయము, 12 నుండి 22 వచనములు



పితరులలో అబ్రాహామును గూర్చి మనము తరచుగా ప్రసంగములు వినుచుందుము. యాకోబు కథయు యోసేపు కథయు ఆదివారపు బడి పిల్లలు సహితము చెప్పగలరు. ఇస్సాకు సంగతి అడిగినచో మాత్రము, బలిపీఠముమీద పరుండిన బాలుడనియు, కన్నులు మసకబారి కొడుకుచేత మోసపోయిన ముసలివాడనియు చెప్పి ఊరకుందుము. ఈ రెంటి నడుమ ఆయన ఏమి చేసెను? ఆ సంగతి ఈ 26వ అధ్యాయములో నున్నది. ఆయన విత్తెను, కోసెను, బావులు త్రవ్వించెను. సముద్రమును పాయలుగా చేయలేదు, రాజుల ఎదుట నిలిచి కలలకు భావము చెప్పలేదు. మన పల్లెటూరి సంఘములకు ఇంతకంటె దగ్గర బంధువు ఆదికాండములో మరియొకడు లేడని మా అభిప్రాయము.

ఈ అధ్యాయము కరవుతో ఆరంభమగుచున్నది. ఇస్సాకు తండ్రి దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చివేసిరట. ఇది ఎంత వింత పనియో చూడుడి. ఆ ఎండిన దేశములో నీళ్ళు వారికిని కావలెను గదా. అయినను, మేము త్రాగకపోయినను సరే, వాడు త్రాగరాదు అనుకొనిరి. అటువంటి బుద్ధిని చూచుటకు గెరారు దాక పోనక్కరలేదు. ఇస్సాకు ఆ బావులను తిరిగి త్రవ్వించి, తన తండ్రి పెట్టిన పేర్లనే మరల వాటికి పెట్టెనని 18వ వచనములో చదువుచున్నాము. ఆయన తండ్రి జ్ఞాపకార్థము స్తంభము నిలిపినట్లు ఈ అధ్యాయములో కనబడదు. మన్ను తీసివేసి, పేరు నిలిపెను.

ఈ మాసము ఈ భాగమును తీసికొనుటకు కారణమున్నది. మా సంఘములో అందరికంటె పెద్దవాడైన ఒక తాత ప్రభువునందు నిద్రించి ఏడాది నిండినది. ఆయన జ్ఞాపకార్థము నాలుగు మాటలు వ్రాయుడని కుటుంబమువారు మమ్మును కోరిరి. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి యున్నది గాని, మేము ఈ సంఘమునకు వచ్చిన నాటికే ఊరందరికిని ఆయన తాతయే. ఇక్కడను అట్లే పిలుతుము.

మా ఊరు ఒంగోలుకు పడమట, పొదిలి వైపు మెట్ట ప్రాంతములో నున్నది. ఈ ప్రాంతపు క్రైస్తవుల చరిత్ర ఎరిగినవారికి గడ్డపారకును మన సంఘములకును గల సంబంధము తెలిసినదే. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలితో చచ్చుచున్న వేలాదిమందికి పని చూపిరి. కూలి జరిగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసిరి. కూటికొరకు మతములో చేరిరను మాట రాకూడదని వారి తలంపు. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తన ముత్తాత ఆ కాలువలో మట్టి మోసినవాడని మా తాత చెప్పుచుండెడివాడు. "మాది తవ్వే వంశం అయ్యగారూ" అని నవ్వెడివాడు.

ఆయన తండ్రి మాత్రము తోలుపని చేయువాడు. ఊరిలోని మోటలకు తోలు బానలు కుట్టి యిచ్చెడివాడు. ఆ బాన బావిలోనికి దిగి నీళ్ళు తెచ్చుచుండెను. దానిని కుట్టిన చేయి ఆ బావి గట్టును తాకరాదు. మనవారు కుండ నేలమీద పెట్టి, దూరముగా నిలువబడి, ఎవరైన దయతలచి పైనుండి పోయువరకు కనిపెట్టుకొని యుండవలెను. ఒక్కొక్క దినము జాము గడచినను పోయువారు లేరు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసెను. 1955లో దానిని శిక్షార్హమైన నేరముగా ఎంచు చట్టము వచ్చెను. కాని ఢిల్లీలో పుట్టిన చట్టము మా ఊరబావి గట్టెక్కుటకు చాల యేండ్లు పట్టెను. పిల్లవాడుగా తల్లి ప్రక్కను ఎండలో నిలువబడి, పైనుండి పోసిన నీళ్ళు సగము నేలపాలగుట చూచితినని తాత మాతో పలుమారులు చెప్పెను. చనిపోవు వరకు ఆ మాటను చిన్న మాటగా చేసి చెప్పలేదు. క్షమించినవాడు జరిగినదానిని జరుగలేదని చెప్పనక్కరలేదు.

ఆయనకు ముప్పది యేండ్లు రాకమునుపే బంజరులో రెండెకరములకు పట్టా దొరికెను. రాళ్ళును చిల్లచెట్లును తప్ప మరేమియు లేని చెలక అది. అందులో బావి త్రవ్వెదనని ఆయన అనినప్పుడు అన్నదమ్ములే నవ్విరి. పగలు కూలికి పోవుట, వెన్నెల రాత్రులలో త్రవ్వుట, ఇట్లు మూడు వేసవులు గడచెను. మొదటి వేసవి ఎఱ్ఱమన్ను, రెండవ వేసవి సుద్ద, మూడవ వేసవి రాయి. ఎనిమిది గజముల లోతున రాయి తగిలినప్పుడు, ఆ గోతిలో నిన్నే పూడ్చవలె గాబోలునని ఒకడు ఎగతాళి చేసెనట.

ఇక్కడ అవ్వను గూర్చి చెప్పకపోయిన యెడల అన్యాయము చేసినవారమగుదుము. త్రవ్వినవాడు తాత, తట్ట మోసినది అవ్వ. వేపకొమ్మకు ఉయ్యాల కట్టి పిల్లను అందులో వేసి, మెట్టు మెట్టుకు మన్ను పైకి చేర్చినది ఆమె. తిమోతి విశ్వాసమును తలంచినప్పుడు పౌలు అతని అవ్వ పేరు చెప్పి వ్రాసెను. మనము పెద్దలను తలంచునప్పుడు మగవారి పేర్లు చెప్పి ఊరకుందుము. ఆ బావిలో సగము అవ్వదే. ఊట పడిన రాత్రి సంగతి మాకు చెప్పినదియు ఆమెయే: "రాతి నెర్రెలోంచి చిటికెనేలంత నీళ్ళు వచ్చినయ్యంట. పైకి రమ్మంటే రాడు. కిందనే బురదలో కూకోని ఏడుస్తన్నాడయ్యా. నేను కాలో చెయ్యో ఇరిగిందనుకున్నా."

అప్పటికి తాతకు అక్షరములు రావు. తరువాత గుడిలో బోధకుడు నడిపిన రాత్రి బడిలో నేర్చుకొనెను. వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని ఆదికాండము చదువుచు ఈ 26వ అధ్యాయమునకు వచ్చినప్పుడు, మన బావి ఇందులో ఉన్నదని బోధకుని ఇంటికి పరుగెత్తెనట. ఆ దినమునుండి తన బావికి రహెబోతు అని పేరు పెట్టెను. ఇప్పుడా పేరు మేడలమీదను దుకాణములమీదను కనబడుచున్నది గాని, ఆ రోజులలో మా ఊరిలో ఎవరికిని నోరు తిరుగలేదు. రేబోతు అనిరి, తరువాత రేవు బావి అనిరి. ఏరు లేని చోట రేవు ఎక్కడిదని క్రొత్తవారు ఇప్పటికిని అడుగుచుందురు.

తాత ప్రార్థనను గూర్చి మేము ఎక్కువ వర్ణింపము. కోడి కూయక మునుపే బావి గట్టుమీద మోకరించెడివాడు. పేర్లు పెట్టి బిగ్గరగా ప్రార్థించెడివాడు గనుక, ఎవరికొరకు ప్రార్థించుచున్నాడో చుట్టుప్రక్కల చేలవారికి తెలియును. కొందరికి అది ఇబ్బందిగా కూడ నుండెను. కాడెద్దుల కొరకును ప్రార్థించెడివాడు. ఆదివారము తాను పని చేయడు, ఎద్దుల మెడమీద కాడి పెట్టడు. ఒక యేడు చాల నాళ్ళు ఎదురు చూచిన వాన శనివారపు రాత్రి కురిసెను. ఆదివారము విత్తుటకు మంచి పదును. ఊరంతయు గొఱ్ఱులు కట్టినది. తాత ఎద్దులను కట్టుగొయ్యను విడువక గుడికి వచ్చెను. సోమవారము గాలి తోలి పదును ఆరిపోయెను. ఇటువంటి కథ చెప్పునప్పుడు, ఆ యేడు ఆయన చేనే అందరికంటె బాగుగా పండెనని చెప్పుట కొందరు ప్రసంగీకులకు వాడుక. పండలేదు. అందరికంటె తక్కువ పండెను. అబద్ధమాడి దేవుని ఘనపరచవలసిన పని లేదు. ఆ సంగతి మేమడిగినప్పుడు తాత ఇట్లనెను: "ఆదివారం ఆగితే పుట్లు పండిస్తానని దేవుడు నాతో ఒప్పందమేం రాసుకోలేదుగా అయ్యగారూ. ఆగమన్నాడు, ఆగాను."

కోతపండుగ నాడు కానుకల వేలములో ఆయన పద్ధతి వేరు. గుమ్మడికాయలకును కోడిపుంజులకును పాడువారు చాలమంది. పాటలో పేరు వినబడవలెనను కోరికయు అందులో కొంత కలదని మనమెరుగుదుము. తాత కడవరకు ఊరకుండి, ఎవరో విధవరాలు తెచ్చిన వాడిన గోగాకు కట్టకు ఎవరును పాడనప్పుడు లేచి, పుంజుకు పలికిన ధర దానికి పాడెడివాడు. ఇంటికి తీసికొనిపోయి అదే వండించుకొనెడివాడు.

ఇక ఆ కరవు యేటి సంగతి. ఊరబావి అడుగంటినది. రేవు బావిలో మాత్రము నిలువు లోతు నీళ్ళున్నవి. ఒకనాటి ఉదయమున ఊరిలోని పెద్దింటి ఆడమనిషి బిందె పట్టుకొని చేని గట్టున నిలువబడినది. అడుగుటకు నోరు రాదు, మరలిపోవుటకు ఇంట నీళ్ళు లేవు. బావి వద్దనున్న మన పడుచువారు, "నిలబడనియ్యి తాతా, మన ఆడోళ్ళు ఎన్నేళ్ళు నిలబడ్డారు! తర్వాత పైనుంచి పోద్దాం" అనిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. తాత మోకును చేదతో సహా తెచ్చి ఆమె చేతికిచ్చి, "చేదుకో తల్లీ" అని అవతలకు పోయెను. తాను చేది పోయలేదు. ఎందుకు పోయలేదని మేమడిగితిమి. పోసినయెడల తన తల్లికి వారు చేసినదే తాను ఆమెకు చేసినట్లగుననెను. పడుచువారితో అప్పుడు పలికిన మాట మాత్రము ఊరిలో నేటికిని చెప్పుకొందురు: "నీళ్ళు నేను పుట్టించలేదురా. తవ్వానంతే."

సుఖారు బావియొద్ద సమరయ స్త్రీ మన ప్రభువుతో మాటలాడుచు, ఈ బావి మా తండ్రియైన యాకోబు ఇచ్చినదనియు, ఆయనయు ఆయన కుమాళ్ళును పశువులును దీని నీళ్ళే త్రాగిరనియు చెప్పినది. యాకోబు పోయి ఎన్నో వందల యేండ్లయినను, ఆ ఊరివారికి పితరుని జ్ఞాపకము చేయుచున్నది ఆ బావియే. యూదులు సమరయులతో సాంగత్యము చేయని ఆ దినములలో, ప్రభువు దప్పిగొని ఆమెను నీళ్ళడిగెను. ఎవరి చేతి నీళ్ళు ఎవరు త్రాగవచ్చునను ప్రశ్న పాతదే. ఆయన దానిని లక్ష్యపెట్టక కుండ గల ఆమెను అడిగెను. తాత ఈ భాగముమీద ప్రసంగము చేసినవాడు కాడు.

ఆయనలో లోపములు లేవని వ్రాసినచో ఊరు నవ్వును. తాత కోపిష్టి. పెద్దకొడుకు తనను అడుగక ఎద్దులను అమ్మి ఇంజనులో భాగము కొన్నందుకు రెండేండ్లు అతనితో మాటలాడలేదు. ఆ రెండేండ్లును ప్రభువు బల్లకు తానే దూరముగా నుండెను. కడపట ఒక రాత్రి తానే కొడుకు ఇంటికి నడచి పోయి, అరుగుమీద కూర్చుండి, "ఇంత గంజి పొయ్యమ్మా" అని కోడలిని అడిగెను. అంతటితో సమాధానమైనది. ఇస్సాకును మచ్చలేనివాడు కాడు. తన భార్యను సహోదరియని గెరారువారితో బొంకినవాడు ఆయనయే. ఆ బొంకును, ఈ బావులును ఒక్క అధ్యాయములోనే వ్రాయబడియున్నవి. పరిశుద్ధ గ్రంథము పెద్దలను జ్ఞాపకము చేయు రీతి అది. మన జ్ఞాపకార్థ కూడికలలో చెప్పుకొను పొగడ్తలకంటె అది మేలు.

ఇప్పుడు ఆ బావి ఎట్లున్నది? ఎద్దులు పోయి ఇంజను వచ్చెను, ఇంజను పోయి బోరు వచ్చెను. చుట్టుప్రక్కల బోర్లు లోతునకు పోయిన కొలది బావులలో ఊట తగ్గెను. మా ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్నదని అందరెరుగుదురు. గారపట్టిన పండ్లు, వంగిన కాళ్ళు మన సంఘములలో ఎన్ని చూడలేదు! త్రాగుటకు ఇరువది లీటర్ల క్యాను కొనుచున్నాము. తాత కాలు చేయి ఆడనంతవరకు బావిని ఏటేట తోడించెను. మంచము పట్టినది మొదలు దానిలో చెత్త పడుచున్నది. ప్లాస్టికు సంచులు, సీసాలు, చచ్చిన కోళ్ళు, కూలిన ఇంటి మట్టి. ఈ మట్టి పోసినవారు ఫిలిష్తీయులు కారు. మనమే.

దారి వెడల్పయి ఆ చేనికి ధర వచ్చెను. పెద్దకొడుకు కొడుకునకును చిన్నకొడుకు కొడుకునకును గట్టు తగవు. గట్టు సరిగా బావి మీదుగా పోవుచున్నది. బావిని పూర్తిగా పూడ్చినయెడల ప్లాట్లు వేయుట సులువని ఒకరు చెప్పిరి. కాగితములలో దానికి రహెబోతు అను పేరు లేదు, రేవు బావి అను పేరును లేదు. సర్వే నంబరు మాత్రమున్నది. ఏడాది కూడికకు తాత బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టవలెనని ఇద్దరికిని ఆశ యున్నది. దానిమీద ఎవరి పేరు ముందు వేయవలెనను దానిని గూర్చి వారమంతయు మాటలు జరిగినవి.

మేము రెండిండ్లకును పోయి ఈ 26వ అధ్యాయమే చదివితిమి. సెమినరీలో మాకు నేర్పిన ప్రకారము, ఏశెకు అనగా కలహము, శిత్నా అనగా పగ, రహెబోతు అనగా ఎడము. ఇస్సాకు దాసులు త్రవ్విన మొదటి బావికొరకు గెరారు కాపరులు జగడమాడిరి, దానిని విడిచెను. రెండవదానికొరకును జగడమాడిరి, దానినిని విడిచెను. మూడవదాని యొద్ద జగడము లేదు. చేతగాక విడిచినవాడు మరల త్రవ్వడు. ఇస్సాకు మరల మరల త్రవ్వెను. మీ తాత రహెబోతు అని పేరు పెట్టినదానిని మీరు ఏశెకు చేయుచున్నారని రెండిండ్లలోను ఒకే మాట చెప్పితిమి.

చిన్నవాడు చాలసేపు తల వంచుకొని, "బావి తోడితే నీళ్ళు పడతాయని నమ్మకమేంటి అయ్యగారూ?" అని అడిగెను. మంచి ప్రశ్న. పడునని మేము మాట ఇయ్యలేదు. తాతకును మూడు వేసవులు ఎవరును మాట ఇయ్యలేదు. పెద్దవాని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, తలుపు చాటునుండి, ముత్తాత బావి నీళ్ళు తియ్యగా ఉండేవట నిజమేనా అని అడిగెను. పండ్లమీద గోధుమరంగు చారలు కనబడకుండ చేయి అడ్డము పెట్టుకొని అడిగెను. ఆమెకు ఏమి జవాబు చెప్పవలెనో ఆ తండ్రి మాకంటె బాగుగా ఎరుగును. అతడు ఏమియు మాటలాడలేదు.

గట్టు తగవు ఇంకను తీరలేదు. కొలతకు సర్వేయరు రావలసి యున్నది. అది తెగువరకు బావిని పూడ్చకుండుటకును, పూడిక తీయుటకు అడ్డు చెప్పకుండుటకును రెండిండ్లవారు ఒప్పుకొనిరి. ఫ్లెక్సీ సొమ్ము మోకులకును తట్టలకును ఇచ్చెదమనిరి. నీళ్ళు పడినను పరీక్ష చేయించకుండ ఎవరును త్రాగరాదని ముందుగానే చెప్పుచున్నాము.

కావున వచ్చే మాసము మొదటి ఆదివారము ఆరాధన తరువాతి సోమవారము, తెల్లవారుజామున రేవు బావి వద్దకు రాగలవారందరు రావలెను. గడ్డపార, పార, తట్ట ఎవరివి వారు తెచ్చుకొనుడి. స్త్రీల సమాజమువారు అంబలి కాచెదమని చెప్పిరి. గాజు సీసాలు చాల యున్నవి గనుక చిన్నపిల్లలను లోపలికి దింపరాదు. ముందుగా ఎవరు దిగవలెనని ఆ అన్నదమ్ములిద్దరును మమ్మును వేరువేరుగా అడిగిరి. మెట్లు ఇద్దరు ప్రక్కప్రక్కన దిగునంత వెడల్పుగానే తాత కట్టెనని చెప్పితిమి.